పదిహేడు నిమిషాల వీరుడు

పైడిరాజు భారతదేశం తరఫున రగ్బీ ఆడింది రెండే రెండు మ్యాచ్‌లు. మొదటి మ్యాచ్‌లో ఆఖరి తొమ్మిది నిమిషాలు. రెండో మ్యాచ్‌లో మొదటి పదిహేడు నిమిషాలు. ఆ పైన కుడి భుజం జారిపోయి, ఇద్దరి సాయంతో గీత దాటి బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఈ లెక్క అతని అక్క కనకానికి కంఠతా వచ్చు. మర్నాడు పొద్దున్నే కొలంబో ఆస్పత్రి నుంచి ఫోను చేసి, ఏడుస్తూ, ఒక్కొక్క నిమిషమూ విడమరిచి చెప్పినవాడు అతనే.

కనకం బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు. ఉద్యోగుల సర్వీసు పుస్తకాలన్నీ ఆవిడ టేబుల్ మీదుగా పోతాయి. ఎవడు ఏ తేదీన చేరాడు, ఎవడు ఎన్నాళ్లు సెలవు పెట్టాడు, ఎవడి వయసు కాగితం మీద ఎంత, మొహం మీద ఎంత, అన్నీ చూసీ చూసీ, రాసి సంతకం పెట్టినదాన్ని తప్ప దేన్నీ నమ్మడం మానేసిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. తల్లి అప్పలనర్సమ్మ పోయేనాటికి కనకానికి పదిహేను, పైడిరాజుకి తొమ్మిది. తండ్రి సింహాచలం గూడ్సు బండి డ్రైవరు. బండెక్కితే రెండేసి రోజులు ఇంటికి రాడు. ఆ రెండేసి రోజులూ వండిపెట్టడం, తలంటడం, లెక్కలు చెప్పడం, వీపు మీద నాలుగు దరువులు వెయ్యడం, అన్నీ కనకమే.

సింహాచలం ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో ఒక్క ఎర్ర సిగ్నలు దాటలేదు. డ్యూటీకి వెళ్లే ముందు పాన్ కూడా వేసుకునేవాడు కాదు. ఊళ్లో తోర్వా వైపు రైల్వే క్వార్టర్లలో ఎవరింట్లో తాగుడు గొడవ జరిగినా పెద్దమనిషిగా ఆయన్నే పిలిచేవారు. తాగని మనిషి మాటకి విలువ ఉంటుందని. రిటైరైన ఏడాదిలోపే, రెండువేల ఒకటిలో, గుండెపోటుతో పోయాడు.

కొడుకు ఆడే ఆట ఆయనకి చివరిదాకా అర్థం కాలేదు. పైడిరాజు రైల్వే గ్రౌండులో కబడ్డీ ఆడేవాడు. డిగ్రీ అయ్యాక ఖరగ్‌పూర్‌లో మేనమామ ఇంటికి వెళ్లి, అక్కణ్ణుంచి కలకత్తా మైదానంలో ఈ కొత్త ఆట మరిగాడు. ఒకసారి ఇంటికి బంతి తెచ్చాడు. కోడిగుడ్డులా ఉంది. సింహాచలం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటిరా, గుండ్రంగా నేదు? తయారీలో తప్పడిపోనాదేటి?" అన్నాడు. తండ్రీ కొడుకులు కలిసి నవ్వుకోవడం కనకం ఆ రోజే చూసింది.

కలకత్తాలో తమ్ముడి ఆట ఆవిడ ఒకసారి చూసింది, రెండువేల మూడులో. వాన పడుతోంది. మైదానమంతా బురద. బంతి చంకలో ఇరికించుకుని దున్నపోతులాంటివాడొకడు పరుగెత్తుకొస్తుంటే పైడిరాజు ఎదురెళ్లాడు. కనకం కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఇద్దరూ బురదలో ఉన్నారు. ఆ పెద్దమనిషి అడుగున, తమ్ముడు పైన. వెంటనే లేచి, పడ్డవాడికి చెయ్యందించి లేపి, మళ్లీ పరుగెత్తాడు. ఆట అయ్యాక అక్కతో దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మేనమామ ఇంట్లో అన్నం రెండుసార్లు మారు వడ్డించుకుని తిని, గోడకి చేరగిలబడి నిద్రపోయాడు. వీడు మగాడయ్యాడురా అనుకుంది కనకం. తమ్ముడి గురించి ఆవిడ గర్వపడిన రోజు అదొక్కటే. ఆ రోజుని మాత్రం ఆవిడ ఎవరికీ ఇవ్వదు.

మరుసటి ఏడాది కొలంబో, భుజం, ఆపరేషను. భుజం మళ్లీ ఆటకి పనికిరాదని డాక్టర్లు తేల్చారు. పైడిరాజు బిలాస్‌పూర్ వచ్చి ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరాడు. పిల్లల్ని వరసలో నిలబెట్టి ఈలలు వేసే పని. ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా ఎక్కడో చూస్తూ తినేవాడు. అప్పట్లో కనకానికి వాడి మీద జాలే ఉండేది.

రెండువేల ఆరులో ఓ కోచింగ్ సెంటరువాళ్లు పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పమని పిలిచారు. పైడిరాజు వెళ్లి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఎలా పడాలో నేర్చుకోవడమే తన ఆటలో సగమని, గడ్డం ఛాతీకి ఆనించి భుజం దొర్లిస్తూ పడాలని, బల్ల మీద పడి మరీ చూపించాడు. పిల్లలు ఆవులించారు. ముందు వరసలో ఒకడు నిద్రపోయాడు. ఫ్లెక్సీ తగిలించడానికి వచ్చిన రాకేష్ మాత్రం మెలకువగా ఉండి అంతా విన్నాడు.

రాకేష్‌ది ఊళ్లోనే తిఫ్రాలో ఫ్లెక్సీ ప్రింటింగు దుకాణం. తోర్వాలో పుట్టిన తెలుగువాడే గానీ తెలుగు అక్షరాలు వాడికి బొమ్మల్లా కనిపిస్తాయి. పుట్టినరోజు నాయకులకీ, గల్లీ దుర్గమ్మలకీ, చచ్చిపోయిన సేఠ్‌లకీ ఒకటే రంగుల్లో బ్యానర్లు తీసేవాడు. ఆ సాయంత్రమే పైడిరాజు వెంట క్వార్టరుకి వచ్చి, కనకం ఇచ్చిన టీ తాగుతూ అసలు సంగతి చెప్పాడు.

"భయ్యా, నీ కథలో సబ్ కుఛ్ ఉంది. ఇండియా ఉంది, విదేశం ఉంది, భుజానికి చోట్ ఉంది. దర్ద్ లేదు. దర్ద్ లేకపోతే పబ్లిక్ ఏడవదు. పబ్లిక్ ఏడవకపోతే మళ్లీ పిలవదు."

"భుజం జారిపోనాది కదరా, అది దర్ద్ కాదేటి?" అంది కనకం.

"అది డాక్టర్ల దర్ద్ దీదీ. గరీబీ ఏదీ? జుల్మ్ ఏదీ?"

కనకం నవ్వేసింది. నవ్వి ఊరుకున్నందుకు తర్వాత తన్ను తాను చాలాసార్లు తిట్టుకుంది. ఆ పూటే గ్లాసు లాక్కుని బయటికి తగిలెయ్యాల్సింది.

ఏడాది తిరక్కుండా పైడిరాజు 'కోచ్ రాజ్' అయిపోయాడు. ఇలవేల్పు పైడితల్లి పేరు మీద తండ్రి పెట్టుకున్న పేరు ఫ్లెక్సీ మీద బాగోదట. నల్ల కోటు కుట్టించాడు. చెవి పక్కనుంచి నోటి ముందుకి వచ్చే మైకు కొనుక్కున్నాడు. అద్దం ముందు నిలబడి ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు బొంగురుపోవాలో సాధన చేసేవాడు. ఆగినచోట చేతిని గాలిలో అలాగే నిలబెట్టేవాడు, బస్సు ఆపేవాడిలా. బురదలో దున్నపోతుని పడగొట్టిన మనిషి ఈ చెయ్యి నిలబెట్టడం నేర్చుకుంటుంటే చూడలేక కనకం వంటింట్లోకి వెళ్లిపోయేది. స్కూలు ఉద్యోగం మానేశాడు. క్వార్టరు మానేసి తిఫ్రాలో రాకేష్ దుకాణం మీద గదికి మారాడు. బుధవారీ బజార్‌లో అతని ఫ్లెక్సీ వేలాడేది. ఎగిరే సింహం, మండే రగ్బీ బంతి, మధ్యలో చేతులు కట్టుకుని కోచ్ రాజ్. సింహానికీ అతనికీ ఒకే తల దువ్వుడు.

ఏం మాట్లాడుతున్నాడో కనకం అడగలేదు. బీమా ఏజెంట్లు, ఎరువుల డీలర్లు, నర్సింగ్ కాలేజీ పిల్లలు అందరూ ఏడుస్తున్నారని మాత్రం విన్నది. ఏడవడానికి టిక్కెట్టు కొనుక్కునేవాళ్ల మీద ఆవిడకి తమ్ముడి మీదకన్నా గొప్ప అభిప్రాయమేమీ లేదు.

రెండువేల ఎనిమిదిలో సీపత్ నుంచి పిలుపొచ్చింది. అక్కడి కరెంటు ప్లాంటులో పని చేసే ఒక కాంట్రాక్టు కంపెనీ భద్రతా వారోత్సవాలు పెట్టింది. సేఫ్టీ ఆఫీసరు సీతారామయ్య గుంటూరు వైపు మనిషి. మర్యాదస్తుడు. స్వయంగా కనకానికి ఫోను చేశాడు.

"అమ్మా, మీ తమ్ముడు గారు మీ గురించి ఎంతో చెబుతారండీ. మీరు కూడా వస్తే మా వర్కర్లకి స్ఫూర్తిగా ఉంటుంది. కారు పంపిస్తాను."

"నానెందుకండీ? నాకు రగ్బీ రాదు," అంది కనకం.

"అయ్యో, మీరు రాకపోతే ఎట్లాగమ్మా? మీరే కదా అసలు కథ!"

తనెలా కథ అయిందో తెలుసుకోవాలనిపించి వెళ్లింది.

షెడ్డులాంటి పెద్ద హాలు. నాలుగువందల మంది కూలీలు పసుపు హెల్మెట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎండలో పనికన్నా ఫ్యాను కింద కూర్చోవడం మేలని వచ్చినవాళ్లని మొహాల మీదే తెలుస్తోంది. ముందు వరసలో ఇంజనీర్లు. కనకానికి వాళ్ల మధ్య కుర్చీ వేశారు. దీపాలు ఆరాయి. పొగ వచ్చింది. పొగలోంచి కోచ్ రాజ్ వచ్చాడు.

హిందీలో మొదలెట్టాడు. భుజం విరిగినా బయటికి రాలేదట. మిగిలిన అరవై మూడు నిమిషాలూ ఒంటి చేత్తో ఆడి దేశాన్ని గెలిపించాడట. ఆ రోజు ఇండియా నలభై పాయింట్ల పైచిలుకు తేడాతో ఓడిపోయిందని కనకానికి తెలుసు. పక్కనున్న ఇంజనీరు చప్పట్లు కొట్టాడు. దెబ్బ తగిలితే పని ఆపెయ్యాలని కూలీలకి నేర్పే వారోత్సవాల్లో, దెబ్బ తగిలినా ఆపొద్దని చెప్పేవాణ్ణి తెచ్చి నిలబెట్టి, మళ్లీ దానికి చప్పట్లు! వీళ్లు ఇంజనీర్లెలా అయ్యారో అనుకుంది.

తర్వాత అక్క వచ్చింది కథలోకి. అక్షరం ముక్క రాని అక్క. తమ్ముడి బూట్ల కోసం పది ఇళ్లలో అంట్లు తోమి చేతులు పుళ్లు పడిన అక్క. కనకం తన చేతులు చూసుకుంది. కుడిచేతి వేలికి ఆఫీసు ఇంకు మరక తప్ప ఏమీ లేదు. సరే పోనీ, నన్నేగా అన్నాడు, అనుకుంది. ఎమ్మే చదివినదాన్ని నిరక్షరాస్యురాలిని చేస్తే ఎమ్మే ఎక్కడికి పోతుంది?

అప్పుడు తండ్రి వచ్చాడు.

"మా నాన్న బొగ్గు మోసే కూలీ," అన్నాడు కోచ్ రాజ్. గొంతు బొంగురుపోయింది. చెయ్యి గాలిలో ఆగింది. "రోజూ తాగి వచ్చేవాడు. బెల్టు తీసి అమ్మని కొట్టేవాడు. ఆ దెబ్బలకే అమ్మ పోయింది. ఆ రోజు నేను ఒట్టేసుకున్నాను..."

ఏం ఒట్టేసుకున్నాడో కనకానికి వినపడలేదు. చుట్టూ ముక్కులు చీదుతున్న చప్పుడు. తల్లి చివరి రోజుల్లో సెలవు పెట్టి, ఆవిడకి చెంచాతో గంజి పట్టిన తండ్రి చేతులు కళ్ల ముందు కనిపించాయి. అంతలో వెలుగు వచ్చి కనకం మొహం మీద పడింది. "నా దేవత ఇక్కడే ఉంది" అంటున్నాడు తమ్ముడు. రాకేష్ పరుగెత్తుకొచ్చి ఆవిడ్ని చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించాడు. శాలువా కప్పారు. సీతారామయ్య కళ్లు తుడుచుకుంటూ మైకు అందించాడు.

కనకం మైకు తీసుకుంది. ఆఫీసులో నోటు చదివే గొంతుతో హిందీలో చెప్పింది.

"మా నాన్న సింహాచలం గూడ్సు డ్రైవరు. జీవితంలో మందు ముట్టలేదు. మా అమ్మ కిడ్నీ జబ్బుతో పోయింది. నేను రైల్వేలో హెడ్ క్లర్కుని. మా ఇంటి అంట్లు తప్ప ఎవరి అంట్లూ తోమలేదు. ఇతను దేశం తరఫున రెండు మ్యాచ్‌లు ఆడాడు. రెండోదాంట్లో పదిహేడో నిమిషంలో భుజం జారి బయటికొచ్చాడు. ఆ పదిహేడు నిమిషాలూ బాగా ఆడాడు. మీలో ఎవరికైనా దెబ్బ తగిలితే పని ఆపి ఆస్పత్రికి వెళ్లండి. ఇంతే."

కనకం మైకు సీతారామయ్య చేతికిచ్చేసింది. ఇప్పుడు వీణ్ణి తరుముతారు, నా చేతుల మీదుగానే తరుముతారు అనుకుని భయపడింది.

వెనక ఎవరో చప్పట్లు మొదలెట్టారు. తర్వాత హాలంతా లేచి నిలబడింది. ఈలలు వేశారు. సీతారామయ్య గద్గదంగా, "చూశారా, కొట్టిన తండ్రి పరువు కూడా కాపాడుకుంటోంది! ఇదీ మన భారతీయ స్త్రీ!" అన్నాడు. కోచ్ రాజ్ వంగి అక్క పాదాలు పట్టుకున్నాడు. కెమెరాలు వెలిగాయి. కిందకి చూస్తే ఆవిడకి కనిపించింది తమ్ముడి నడినెత్తి, దానికి రాసిన జెల్లు.

బయట కారు దగ్గర పట్టుకుంది వాణ్ణి.

"ఒరే పైడీ, నాన్న తాగీవోడేటిరా?"

"నేదప్పా," అన్నాడు, వాళ్ల సొంతూరి వైపువాళ్లు అక్కని పిలిచే పిలుపుతో. సిగ్గుపడలేదు. ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "తాగనేదు. తాగుంటే బాగుండీది. అచ్ఛా, నువ్వే సెప్పు. తాగని డ్రైవరు, ఉద్యోగం సేసే అప్ప, కడుపు నిండా అన్నం. ఈటిలో సెప్పడానికి ఏటున్నాది? ఎవుడింటాడు?"

"ఇనకపోతే ఊరుకో. ఈల ఏసుకుని బతుకు."

"నాలుగొందల మంది లెగిసి నిలబడ్డారప్పా. కొలంబోలో నాకోసం ఒక్కడు నిలబడనేదు."

ఆ ఒక్క మాటా నిజమని కనకానికి తెలుసు. తెలిసినా జాలి కలగలేదు. శాలువా తీసి కారు బానెట్టు మీద పెట్టి, నడిచి వెళ్లి బిలాస్‌పూర్ బస్సెక్కింది.

తర్వాత తెలిసింది, ఆవిడ చెప్పింది కూడా ప్రసంగంలో చేరిపోయిందని. 'నా అక్క వేదిక ఎక్కి అబద్ధమాడింది. ఎందుకో తెలుసా?' అని అడిగి చెయ్యి గాలిలో ఆపుతాడట. రాయ్‌పూర్‌లో, నాగ్‌పూర్‌లో అక్కడే అందరూ ఏడుస్తారట. రాకేష్ ఫోను చేసి, "దీదీ, నువ్వు ప్రతి షోకీ వచ్చి అదే మాట, అదే గొంతుతో చెప్పు చాలు" అని బతిమాలాడు. కనకం ఫోను పెట్టేసింది. చెప్పిన నిజాన్ని కూడా అమ్ముకునే రకాలతో మాట్లాడితే నోరు కడుక్కోవాలి.

మరుసటి ఏడాది తండ్రి పోయిన తిథి వచ్చింది. ఆ రోజు కనకం సెలవు పెట్టి, తలస్నానం చేసి, ఆయనకిష్టమైన ఎండుచేపల వంకాయ కూర వండింది. కొత్త పంచె, తువ్వాలు పీట మీద పెట్టి, యూనిఫారంలో ఉన్న ఫొటో ముందు ఆకు వేసి వడ్డిస్తోంది. పెద్దలకి పెట్టుకునే ఆ పని కొడుకు చెయ్యాలి. రెండేళ్లుగా కొడుకు రావడం లేదు. ఆ రోజు వచ్చాడు. వెనకాల రాకేష్, వాడి భుజం మీద వీడియో కెమెరా, మరొకడి చేతిలో గొడుగులాంటి లైటు.

"ఏటిది?" అంది కనకం.

"సీడీ తీస్తున్నాం అప్పా. ఆఖర్న నాను నాన్నని క్షమించీసినట్టు ఒక సీను. ఐదు నిమిషాలు. ఒడ్డించు, నాను దండం ఎట్టుకుంటాను."

రాకేష్ అప్పుడే లైటు ఎక్కడ పెట్టాలో చూస్తున్నాడు. "దీదీ, ఆ ఫొటోలో టోపీ తీసెయ్యొచ్చా? యూనిఫారం కనిపిస్తే కూలీలా లేడు."

కనకం గరిటె గిన్నెలో పెట్టింది. గోడ మీంచి ఫొటో దించి, కొంగుతో తుడిచి, గుండెలకి ఆనించుకుంది.

"పైడీ, నువ్వు క్షమించాల్సిన తాగుబోతు ఈ ఇంట్లో లేడు. ఎక్కడో నువ్వు పుట్టించుకున్నావు గావాల, అక్కడికెల్లి ఎతుక్కో. ఇక్కడున్నోడు సింహాచలం. ఆయనకి నాను కూడెట్టుకుంటాను. నువ్వు గడప దాటు."

"అప్పా, కొడుకుని నాను. నా చేత్తో..."

"ఏ సెయ్యిరా? గాల్లో నిలబెడతావే, ఆ సెయ్యా? ఆ సేత్తో ఎట్టిన కూడు ఆయన ముట్టడు. ఎల్లు."

పైడిరాజు మొహం ఒక్క క్షణం పాలిపోయింది. కెమెరా ఎర్రదీపం వెలుగుతూనే ఉందని కనకం గమనించింది. తమ్ముడు కూడా గమనించాడు. గమనించి, కనకం కళ్ల ముందే, కాస్త పక్కకి తిరిగి నిలబడ్డాడు, మొహం మీద వెలుతురు పడేలా. అంతే. అప్పటిదాకా కనకంలో ఎక్కడో మిగిలి ఉన్న ఆశ ఆ చిన్న కదలికతో చచ్చింది. వాళ్లని బయటికి తోసి తలుపు గడియ పెట్టింది. ఆకు ముందు కూర్చుని, "నాన్నా, తినీ" అంది.

తర్వాతి ఏడాది ఒక మధ్యాహ్నం ఆఫీసులో భోజనాల వేళ కొత్త క్లర్కు జ్యోతిర్మయి కంప్యూటర్లో ఏదో సీడీ పెట్టుకుని ముక్కు తుడుచుకుంటోంది. "దీదీ, ఆయియే, మీ తమ్ముడు గారిది!" అని పిలిచింది. కనకం డబ్బా పట్టుకునే వెళ్లి వెనక నిలబడింది.

తెర మీద చీకటి గది. దండ వేసిన ఫొటో ముందు కోచ్ రాజ్ మోకాళ్ల మీద కూర్చుని, "నిన్ను క్షమించాను నాన్నా" అని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఫొటోలో మనిషికి పల్చటి మీసం, పక్క పాపిడి, మెడ దాకా బొత్తాలు పెట్టిన కోటు. ఏ స్టూడియోలోనో ఎవరూ పట్టుకెళ్లక మిగిలిపోయిన ఫొటో అయ్యుంటుంది. కిరాణా కొట్టు నడుపుకున్న ఏ పెద్దమనిషో, ఎవరి తండ్రో పాపం, తాను కననివాడి చేత క్షమ పొందుతున్నాడు.

"మీ నాన్నగారా దీదీ?" అంది జ్యోతిర్మయి, గొంతు తడిగా.

"కాదమ్మా. ఆయనెవరో నాకు తెలవదు," అంది కనకం. ఆ పిల్ల అర్థం కాక ఆవిడ వైపు తిరిగింది. మళ్లీ తెర వైపు తిరిగి, ఏడుపు ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి అందుకుంది.

కనకం తన బల్ల దగ్గరికి వెళ్లి డబ్బా మూత తీసింది. ఎవరి మొహమైతేనేం, నాన్న మొహం మాత్రం వాడికి దొరకలేదు. ఆ పూట అన్నం రుచిగానే ఉంది.